స్టెంటు కార్డు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: మందు స్టెంట్లలో తేడాలు

గుండె రక్తనాళంలో పూడిక పడ్డచోట దారి తెరిచి ఉంచడానికి వేసే సన్నని తీగెల గొట్టం స్టెంటు, దానికి మందు పూస్తే మందు స్టెంటు, దాని వివరాలు రాసి ఆసుపత్రిలో ఇచ్చేది స్టెంటు కార్డు. పోయిన పాఠంలో ఆ కార్డు మీది ‘2.75 × 28’ అంటే ఏమిటో చెప్పకుండా దాటేశాను, అందరికీ తెలిసే ఉంటుందని. ఆ పాఠం సాధనకు వచ్చిన జవాబుల్లో చాలామంది 28ని పూడిక శాతంగా రాశారు. అది సరిచేసుకున్నాకే ముందుకు పోదాం. మొదటి అంకె విచ్చుకున్నాక స్టెంటు వ్యాసం, రెండోది పొడవు, రెండూ మిల్లీమీటర్లే. పూడిక శాతం యాంజియోగ్రామ్ రిపోర్టులో ఉంటుంది. కందుకూరు నుంచి ఒకాయన, ‘మా బావకి 38 వేశారు, నాకు 18తో సరిపెట్టారు’ అని బాధపడ్డారు. అయ్యా, మీ పూడిక పొట్టిది, అది మంచిదే.

స్టెంట్లను పోల్చేటప్పుడు తీగె మందం, మందు, ఆ మందును పట్టి ఉంచే పూత చూడాలి. నేనైతే ముందు తీగె చూస్తాను. 2003లో అమెరికాలో అనుమతి పొందిన సైఫర్ అనే స్టెంటుది స్టెయిన్‌లెస్ స్టీలు తీగె, 140 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మందు సిరోలిమస్. మరుసటేడు వచ్చిన టాక్సస్‌లో పాక్లిటాక్సెల్. తర్వాత కోబాల్ట్ క్రోమియంతో, ఎవరోలిమస్ మందుతో వచ్చిన జైన్స్ 81కి దిగింది. సూరత్‌లో తయారయ్యే సుప్రాఫ్లెక్స్ 60. తీగె సన్నబడేకొద్దీ నాళం లోపొర దాన్ని త్వరగా కప్పుతుంది.

పూత సంగతి: జైన్స్‌లో అది అలాగే ఉండిపోతుంది, సినర్జీలో నాళం గోడ వైపు మాత్రమే ఉండి కొన్ని నెలల్లో కరిగిపోతుంది. అలాగని కరిగేదల్లా మేలనుకోవద్దు. స్టెంటే మొత్తం కరిగిపోయేలా చేసిన అబ్సార్బ్‌కు తీగె దాదాపు 150 మైక్రాన్లు. అందులో రక్తం గడ్డలు ఎక్కువ కట్టాయి, 2017లో అమ్మకం ఆపేశారు.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక మాట. మన దేశంలో 1,830 మంది షుగర్ రోగుల మీద చేసిన టక్సీడో పరీక్షలో (2015) పాక్లిటాక్సెల్ స్టెంటు కంటే ఎవరోలిమస్ స్టెంటే మెరుగని తేలింది.

‘స్టెంట్లను పోల్చే పట్టికలో ధర గడి పెట్టలేదేం?’ అని కావలి నుంచి అడిగారు. 2017 ఫిబ్రవరిలో మందుల ధరలు నిర్ణయించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ మందు స్టెంట్లన్నిటికీ ఒకే గరిష్ఠ ధర పెట్టింది, పన్నులు కాక 29,600 రూపాయలు. ధరతో గుణం తేలదు.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే మాట: ‘స్టెంటులోనే మందు ఉందిగా, మళ్లీ మాత్రలెందుకు?’ ఈ సారి నాలుగు జవాబుల్లో ఇది కనిపించింది. రొట్టెల పండక్కి చుట్టాలొచ్చారని నాలుగు రోజులు మాత్రలు వదిలేసినవారూ ఉన్నారు. ఆ మందు పని వేరు. కాలవ గట్టుకు రాతి కట్టుబడి చేశామనుకోండి. రాళ్ల సందుల్లో సర్కారు తుమ్మ మొలిచి కాలవ మళ్లీ ఇరుకు కాకుండా కలుపుమందు పూశాం. తుమ్మ రాదు. కానీ గరిక కూడా ఆలస్యంగా అల్లుకుంటుంది. అప్పటిదాకా ఉత్త రాళ్లకు పారే చెత్త తగులుకుంటూనే ఉంటుంది. సిరోలిమస్, ఎవరోలిమస్ చేసేదీ అదే. లోపల కండ పెరగకుండా ఆపుతాయి, తీగెను కప్పాల్సిన పొరనూ ఆలస్యం చేస్తాయి. బయటపడి ఉన్న లోహం మీద రక్తం గడ్డకట్టకుండా కాసేది ఆస్పిరిన్, దాని జతగా ఇచ్చే క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్. అంటే స్టెంటులో మందు ఉంది కాబట్టే మాత్రలు మరింత అవసరం. గుండెపోటు వచ్చాక వేస్తే రెండూ కలిపి మామూలుగా ఏడాది, గుండెపోటు రాకుండా నిలకడగా ఉన్న గుండె జబ్బుకు వేస్తే ఆరు నెలలు. రక్తస్రావం భయం ఉన్నవారికి డాక్టరు తగ్గిస్తారు. పన్ను పీకించుకోవాలన్నా ముందు గుండె డాక్టరునే అడగండి. గడ్డకడితే స్టెంటు ఉన్నపళంగా మూసుకుపోతుంది, ప్రాణం మీదికొస్తుంది.

సాధన: మీ ఇంట్లో, వీధిలో స్టెంటు పడ్డ ముగ్గురిని అడిగి వాళ్ల కార్డులు చూడండి. పేరు, మందు, లోహం, తీగె మందం, పూత నిలిచేదా కరిగేదా, వేసిన తేదీ, ఆస్పిరిన్‌కు జతైన రెండో మాత్ర ఎప్పటిదాకా అన్న గడులతో పట్టిక రాయండి. రెండు స్టెంట్లుంటే రెండు వరసలు. తీగె మందం కార్డులో ఉండదు, కంపెనీ వివరపత్రంలో వెతకాలి. చివరి గడిని ఊహతో నింపొద్దు. వాళ్ల డాక్టరు చెప్పిన తేదీ తెలిశాకే రాయండి.