సెయిలింగ్ బోట్‌లో పాతబడ్డ ప్లాస్టిక్ ఫిట్టింగ్‌లు: సమస్య - పరిష్కారం

స్టీల్ పాడైతే తుప్పు మరక కారి చెప్తుంది, ప్లాస్టిక్ అలా కాదు, పైకి బాగానే కనిపిస్తూ ఉండి ఒకరోజు టక్కున విరుగుతుంది. అందుకే చూసి వదిలేయకండి, చేత్తో పట్టుకుని కదిపి చూడండి.

సమస్య: బోటు నిటారుగా ఉన్నంతసేపూ బిల్జ్ (బోటు లోపల అడుగు భాగం) పొడిగానే ఉంటుంది, గాలికి ఒక పక్కకి ఒరిగితే మాత్రం నీళ్లు చేరుతున్నాయి.

కారణం: ముందు అనుమానించాల్సింది బిల్జ్ పంప్, సింక్ నీళ్లు బయటికి పోయే తెల్ల ప్లాస్టిక్ త్రూ-హల్‌ని, అంటే బోటు గోడలోంచి బయటికి వచ్చే గొట్టం ఫిట్టింగ్‌ని. వాటర్‌లైన్ (బోటు మీద నీటిమట్టం తాకే గీత) పైన ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు, కానీ బోటు ఒరిగితే అదే నీళ్లలో మునుగుతుంది, పైగా ఏళ్ల తరబడి ఎండ తిన్నది కూడా అదే. యూవీకి ప్లాస్టిక్ పెళుసెక్కి బయట ఉన్న ఫ్లేంజ్ (వెడల్పాటి అంచు) మొదలు దగ్గర పగులుతుంది. గోటితో గీకితే తెల్లపొడి రాలినా, సన్న గీతలు కనిపించినా ఇంక ఆలోచించొద్దు, మార్చేయండి. బోటు ఒడ్డున ఉన్నప్పుడు లోపలి నుంచి హోస్ పట్టుకుని నాలుగు వైపులా గట్టిగా లాగండి, విరిగితే మంచిదే, నీళ్లలో విరగలేదు కదా.

పరిష్కారం: పాత నట్ తిరగకపోతే కోసేయండి, హల్‌కి (బోటు బాడీకి) మాత్రం రంపం తగలకూడదు. పాత సీలెంట్ అంతా గీకేసి కొత్తది పెట్టండి, అయితే పాలీసల్ఫైడ్ సీలెంట్ ఏబీఎస్, పీవీసీ లాంటి ప్లాస్టిక్‌లని తినేస్తుంది కాబట్టి ట్యూబ్ మీద ఏ ప్లాస్టిక్‌కి పనికొస్తుందో చదివాకే కొనండి. నట్ చేత్తో బిగించి ఆపైన స్పానర్‌తో కొంచెం తిప్పితే చాలు, బలమంతా పెడితే కొత్తది కూడా ఆరోజే చీలుతుంది. వాటర్‌లైన్ కింద మామూలు తెల్ల నైలాన్ అస్సలు వద్దు. అక్కడ కాంస్యం గానీ, మారెలాన్ లాంటి గ్లాస్ ఫైబర్ కలిపిన నైలాన్ గానీ, దానికి సీకాక్ (నీళ్లు రాకుండా మూసే వాల్వ్) కూడా ఉండాలి. ప్రతి త్రూ-హల్ పక్కన సరిపోయే సైజు మెత్తటి చెక్క బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచండి, విరిగిన రోజు అదే కాపాడుతుంది.

సమస్య: ప్లాస్టిక్ సీకాక్ హ్యాండిల్ తిరగట్లేదు.

చాలాకాలం కదపకుండా వదిలేయడమే కారణం. పైప్ పెట్టి బలవంతంగా తిప్పారంటే హ్యాండిల్ ఊడి చేతికొస్తుంది. బోటు ఒడ్డుకి తీశాక విప్పి, శుభ్రం చేసి, తయారీదారు చెప్పిన గ్రీజు రాయండి, తర్వాత నెలకోసారైనా తెరిచి మూస్తూ ఉండండి.

సమస్య: లేజర్ లాంటి చిన్న బోటు ఒడ్డుకి తెచ్చేసరికి బరువెక్కింది, లోపల నీళ్ల చప్పుడు.

హుస్సేన్ సాగర్ ఒడ్డున మే ఎండలో పెట్టిన హల్ లోపలి గాలి బాగా వేడెక్కుతుంది, నీళ్లలోకి దించగానే చల్లబడి కుంచించుకుపోతుంది, అప్పుడు ఎక్కడ సందుంటే అక్కడి నుంచి నీళ్లని లోపలికి పీల్చుకుంటుంది. ముందు డ్రైన్ బిరడా వాషర్ చూడండి, ఎండి గట్టిపడి ఉంటే మార్చండి. తర్వాత ఇన్‌స్పెక్షన్ హ్యాచ్ మూత, రడ్డర్ (చుక్కాని) ఫిట్టింగ్ స్క్రూలు. సబ్బునీళ్లు పూసి డ్రైన్ రంధ్రంలోంచి నోటితో ఊదితే లీకున్న చోట బుడగలొస్తాయి, కంప్రెసర్ మాత్రం పెట్టొద్దు, హల్ అతుకులే విడిపోతాయి.

క్యామ్ క్లీట్ (రెండు పళ్ల దవడల మధ్య తాడుని పట్టి ఉంచేది) తాడుని పట్టకుండా జారుతుంటే పళ్లు అరిగాయని అర్థం, పళ్లు బాగుంటే లోపలి స్ప్రింగ్ చూడండి. రెండు దవడలూ ఒకేసారి మార్చండి.