వర్క్‌స్టేషన్‌కు ఒక ప్రాసెసర్ చాలా, రెండు కావాలా? తేల్చుకోవడం ఎలా?

ముందు ఇప్పుడున్న కంప్యూటర్‌లోనే మీ పనుల్లో అన్నిటికన్నా బరువైనదాన్ని నడిపి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. అది నడుస్తుండగా విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి, సీపీయూ గ్రాఫు మీద మౌస్ కుడి బటన్ నొక్కి, లాజికల్ ప్రాసెసర్లు విడివిడిగా కనిపించేలా మార్చండి. తెర చిన్న చిన్న గడులుగా విడిపోతుంది. ఒకటి రెండు గడులే అంచు దాకా నిండి, మిగతావి దాదాపు ఖాళీగా ఉంటే మీకు కావలసింది ఎక్కువ కోర్లు (ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాలు) కాదు, వేగమైన కోర్లు. పని ఒక కోర్ నుంచి మరోదానికి మారుతూ ఉండవచ్చు కాబట్టి మొత్తం వాడకం శాతాన్నీ చూడండి. అది తక్కువగానే ఉంటే రెండో ప్రాసెసర్ ఆలోచన అక్కడే వదిలేయండి. క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్లు గీసే) మోడలింగ్ చేసేవారిలో చాలామందికి ఇదే వర్తిస్తుంది.

గడులన్నీ నిండాయా? అప్పుడు లెక్క వేయాలి. కంప్యూటర్ నిపుణుడు జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పిన సూత్రం ఇక్కడ బాగా పనికొస్తుంది. పనిలో 90 శాతాన్ని కోర్లన్నీ పంచుకోగలవని, మిగతా 10 శాతం ఒకే కోర్ మీద జరగాల్సిందేనని అనుకుందాం. ఒక్క కోర్‌తో పోలిస్తే 32 కోర్లతో వేగం 7.8 రెట్లు, 64 కోర్లతో 8.8 రెట్లే. అంటే 32 కోర్లతో గంట పట్టే పని, కోర్లు రెట్టింపు చేసినా 53 నిమిషాలు పడుతుంది. త్రీడీ రెండరింగ్ లాంటి పనుల్లో దాదాపు అంతా పంచుకోదగినదే కాబట్టి లాభం బాగా కనిపిస్తుంది.

అయినా కోర్ల కోసమే రెండు సాకెట్లకు (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోట్లు) వెళ్లనక్కర్లేదు. 2023లో వచ్చిన ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్ థ్రెడ్‌రిప్పర్ ప్రో 7995డబ్ల్యూఎక్స్‌లో ఒక్క చిప్‌లోనే 96 కోర్లున్నాయి. నా దృష్టిలో రెండో ప్రాసెసర్‌కు అసలైన కారణం మెమరీ. సాకెట్‌కు ఎనిమిది మెమరీ చానళ్లుంటే (ప్రాసెసర్‌కూ మెమరీకీ మధ్య డేటా నడిచే దారులు) రెండింటికి పదహారు. ద్రవప్రవాహాల సిమ్యులేషన్ లాంటి, డేటా కోసం కోర్లు ఎదురుచూసే పనుల్లో ఇది తేడా చూపిస్తుంది.

దీనికో మెలిక ఉంది. ఏ ప్రాసెసర్ మెమరీ దానిదే. అవతలి వైపున్న డేటా కావాలంటే మధ్యనున్న లింకు దాటి తెచ్చుకోవాలి, అందుకు ఎక్కువ సమయం పడుతుంది. ఈ అమరికను న్యూమా (NUMA) అంటారు. దీన్ని పట్టించుకోని సాఫ్ట్‌వేర్ రెండు ప్రాసెసర్ల మీద ఆశించినంత వేగం ఇవ్వదు. మీ సాఫ్ట్‌వేర్ తయారీదారుల పత్రాల్లో ఈ మాట వెతకండి.

కొనే ముందు మరికొన్ని చూసుకోండి. విండోస్ హోమ్ ఒక్క సాకెట్‌నే వాడుకుంటుంది, ప్రో రెండింటిని. కొన్ని సాఫ్ట్‌వేర్ల లైసెన్సు రుసుము కోర్ల లెక్కన ఉంటుంది. థ్రెడ్‌రిప్పర్ ప్రోను జంటగా వాడలేరు, ఏఎమ్‌డీ సర్వర్ ప్రాసెసర్లైన ఎపిక్‌లలో పేరు చివర ‘పి’ ఉన్నవాటిని కూడా అంతే. ‘ఇప్పుడు ఒకటి, తర్వాత రెండోది’ అనుకుంటే బాగా ఆలోచించండి: ఖాళీ సాకెట్‌కు చెందిన మెమరీ స్లాట్లు, దానికి కలిపిన విస్తరణ స్లాట్లు (గ్రాఫిక్స్ కార్డు లాంటివి పెట్టేవి) అప్పటిదాకా పనిచేయవు.

రెండింటికే మొగ్గితే మెమరీని రెండు వైపులా సమానంగా నింపండి. తర్వాత మొదట కొలిచిన పనినే మళ్లీ నడిపి, రాసుకున్న నిమిషాలతో పోల్చండి. తేడా రాకపోతే ముందుగా మెమరీ అంతా ఒకే వైపు చేరిందేమో మూత తీసి చూడండి.