సోషల్ సెక్యూరిటీ ఆన్‌లైన్ ఖాతా, 4వ పాఠం: ఓటీపీ రాని చోట కూడా లాగిన్ అవ్వాలి

పోయిన పాఠంలో లాగిన్ డాట్ గవ్ (అమెరికా ప్రభుత్వ సైట్లలోకి వెళ్లే లాగిన్) ఖాతా తెరిచి, దాంతో మై సోషల్ సెక్యూరిటీలోకి, అంటే అమెరికా ప్రభుత్వ పింఛను పథకమైన సోషల్ సెక్యూరిటీలో మన ఆన్‌లైన్ ఖాతాలోకి, వెళ్లడం దాకా వచ్చాం. ఈసారి బ్యాంకు వివరాలు మార్చుకోవడం చెప్పాల్సింది. కానీ మీ ఉత్తరాలు చూశాక దాన్ని వాయిదా వేస్తున్నాను. చాలామంది లోపలికే వెళ్లలేకపోయారు. వెళ్లినవాళ్లలో కూడా ఎక్కువమంది ఖాతా, ఇండియా విమానం ఎక్కగానే మూతపడేలా ఉంది. ముందు ఇది సరిచేసుకుందాం.

మొదట పాత యూజర్‌నేమ్ సంగతి. 2021 సెప్టెంబరు 18కి ముందు ఖాతా తెరిచినవాళ్లు సోషల్ సెక్యూరిటీవాళ్ల సొంత యూజర్‌నేమ్‌తో లాగిన్ అయ్యేవాళ్లు. 2025 జూన్ 7 నుంచి ఆ పద్ధతి తీసేశారు. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా, ఏ బ్రౌజర్‌లో ప్రయత్నించినా అది పనిచేయదు. ఇప్పుడు ఉన్నవి రెండే: లాగిన్ డాట్ గవ్, లేదా ఐడీ డాట్ మీ అనే ప్రైవేటు కంపెనీ లాగిన్. రెండూ అక్కర్లేదు, ఒకటి చాలు. ఐడీ డాట్ మీ ఇప్పటికే ఉన్నవాళ్లు దాన్నే వాడుకోండి. లేనివాళ్లకు నేను లాగిన్ డాట్ గవ్ అనే చెబుతాను. అది ప్రభుత్వమే నడిపేది, ఒకే ఖాతా చాలా ప్రభుత్వ సైట్లకు పనికొస్తుంది.

ఖాతాలోకి వెళ్లలేకపోతే డబ్బు ఆగిపోతుందా అని టెన్షన్ పడుతూ రాసినవాళ్లున్నారు. ఆగదు. ఆన్‌లైన్ ఖాతా అనేది మీ వివరాలు చూసుకోవడానికి, మార్చుకోవడానికి. నెలనెలా వచ్చే డబ్బుకు దానితో సంబంధం లేదు. లాగిన్ కాకపోతే బెనిఫిట్లు ఆపేస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. వాళ్లు దొంగలు.

రెండోది: "ఈమెయిల్ ఇచ్చాం, కన్ఫర్మ్ చేసే లింకు రాలేదు, వేరే ఏదో మెయిల్ వచ్చింది." ఆ వేరే మెయిల్ చదివారా? ఆ చిరునామాతో ఖాతా ఇప్పటికే ఉందని అందులో రాసి ఉంటుంది. గ్లోబల్ ఎంట్రీకి (అమెరికా విమానాశ్రయంలో తొందరగా లోపలికి వదిలే పథకం) దరఖాస్తు చేసినప్పుడు మీ అబ్బాయో కోడలో లాగిన్ డాట్ గవ్‌లో ఖాతా తెరిచి ఉంటారు. అది మీదే, దాన్నే వాడాలి. పాస్‌వర్డ్ గుర్తు లేకపోతే మార్చుకోండి, కొత్త ఈమెయిల్‌తో ఇంకొకటి మాత్రం తెరవకండి. అయితే గ్లోబల్ ఎంట్రీ కోసం తెరిచిన ఖాతాలో మీరెవరో నిరూపించుకునే ఘట్టం ఇంకా జరిగి ఉండకపోవచ్చు. సోషల్ సెక్యూరిటీ ఆ నిరూపణ అడుగుతుంది, అప్పుడు చేస్తే సరిపోతుంది.

మూడోది: ఆలుమగలిద్దరికీ ఒకే ఈమెయిల్. కుదరదు. ఎవరిది వాళ్లకే ఉండాలి. ఈమెయిల్ తెరవడం ఎలాగో ఇక్కడ చెప్పను, అది ఈ పాఠాల దాకా వచ్చినవాళ్లకు తెలిసిందే.

నాలుగోది ఫోన్ నంబరు. నిరూపణప్పుడు సైట్ డ్రైవింగ్ లైసెన్సు ఫొటో తీసుకుంది, సోషల్ సెక్యూరిటీ నంబరు తీసుకుంది, ఫోన్ దగ్గరికి వచ్చేసరికి మీ నంబరును సరిచూడలేకపోయాం అంది. మన ఇళ్లలో ఇది సహజం. అమ్మానాన్నల ఫోన్లు పిల్లల ఫ్యామిలీ ప్లాన్‌లో ఉంటాయి, రికార్డుల్లో ఆ నంబరు పక్కన పిల్లల పేరుంటుంది. మళ్లీ మళ్లీ అదే నంబరు కొట్టి లాభం లేదు. తపాలాలో కోడ్ పంపమని అడిగే వీలుంది, ఉత్తరం మీ అమెరికా చిరునామాకు వస్తుంది. ఐడీ ఫొటోల దగ్గరే ఆగిపోయినవాళ్లు పోస్టాఫీసులో నేరుగా కనబడి నిరూపించుకోవచ్చు: సైట్ ఇచ్చే బార్‌కోడ్, మీ ఐడీ పట్టుకుని, ఈ సేవ ఉన్న పోస్టాఫీసుకు వెళ్లాలి. నడవగలిగినవాళ్లకు పోస్టాఫీసే మేలంటాను. కౌంటర్‌లో మనిషి ఉంటాడు, సెల్ఫీలతో కుస్తీ ఉండదు.

ఇక అసలు విషయం.

పోయినసారి లాగిన్ డాట్ గవ్ మిమ్మల్ని రెండో ధ్రువీకరణ పద్ధతి ఎంచుకోమంది గుర్తుందా? పాస్‌వర్డ్ తర్వాత అడిగేది. దాదాపు అందరూ ఎస్ఎంఎస్ నొక్కారు, నంబరు ఇచ్చారు, ఆరంకెల ఓటీపీ వచ్చింది, కొట్టారు, అయిపోయిందనుకున్నారు. కొందరు తమ నంబరు కూడా కాదు, కొడుకు నంబరు ఇచ్చారు. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఎందుకో వివరంగా చెబుతాను.

నవంబరులో ఇండియా వెళ్లి మార్చిలో తిరిగొచ్చేవాళ్లు మనలో ఎంతమంది! అక్కడ దిగగానే ఇండియా సిమ్ వేస్తారు, అమెరికా సిమ్ పర్సులోకి వెళ్తుంది. జనవరి వస్తుంది. మీ పన్ను రిటర్ను వేసే అకౌంటెంటు (సీపీఏ), ఎస్ఎస్ఏ-1099 పంపమంటాడు, అంటే ఏడాదిలో మీకు ఎంత సోషల్ సెక్యూరిటీ డబ్బు వచ్చిందో చూపే కాగితం. అది మీ ఖాతాలో ఉంటుంది. లాగిన్ అవుతారు, పాస్‌వర్డ్ సరిపోతుంది, ఓటీపీ మాత్రం పర్సులో ఉన్న సిమ్‌కు వెళ్తుంది.

కొడుకు నంబరు ఇచ్చినవాళ్ల పరిస్థితి ఇంకో రకం. గుంటూరులో పొద్దున పదకొండున్నర. అక్కడ డల్లాస్‌లో అర్ధరాత్రి. ఓటీపీ పది నిమిషాలే పనిచేస్తుంది. వాడు నిద్రలేచి, చూసి, వాట్సాప్‌లో పంపేసరికి అది చెల్లకుండా పోతుంది. వాడు ఆ నంబరు మార్చేస్తే ఇక అంతే సంగతులు. పైగా ఓటీపీని ఇచ్చిపుచ్చుకునే అలవాటే ప్రమాదం. ఇవాళ కొడుకుతో, రేపు కొడుకులా మాట్లాడే దొంగతో.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. మై సోషల్ సెక్యూరిటీ ఖాతా ఎవరిది వాళ్లే తెరవాలన్నది నియమం. మీరు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చినా సరే, ఇంకొకరు మీ పేరున తెరవకూడదు. పిల్లలు పక్కన కూర్చుని సాయం చేయొచ్చు. ఈమెయిల్, ఫోన్, పాస్‌వర్డ్ మాత్రం మీవై ఉండాలి. పిల్లలు చదువుతుంటే వాళ్లకూ ఇదే చెబుతున్నాను: అమ్మానాన్నల పని తొందరగా తెమల్చాలని మీ నంబరు ఇవ్వకండి.

ఉన్న ఒక్క పద్ధతీ చేజారితే ఏమవుతుంది? లాగిన్ డాట్ గవ్ హెల్ప్‌లైన్‌వాళ్లు మీ ఖాతాను తెరిచి ఇవ్వలేరు. ఖాతా తొలగించమని అడిగి, 24 గంటలు ఆగి, కొత్తగా తెరుచుకోవాలి. మీరెవరో మళ్లీ నిరూపించుకోవాలి. ఇండియాలో కూర్చుని ఆ నిరూపణ దాటడం ఎంత కష్టమో ఊహించండి: తపాలా కోడ్ అమెరికాలో, ఫ్రిస్కోలో ఉన్న ఇంటికి వస్తుంది, పోస్టాఫీసూ అక్కడే ఉంటుంది.

కాబట్టి బయల్దేరే ముందే ఇంకో రెండు పద్ధతులు చేర్చుకోవాలి. లాగిన్ డాట్ గవ్‌లోకి నేరుగా వెళ్తే మీ ఖాతా పేజీ వస్తుంది, ధ్రువీకరణ పద్ధతులు అక్కడే ఉంటాయి.

ఒకటి, ఆథెంటికేటర్ యాప్, అంటే కోడ్‌ను ఫోన్‌లోనే తయారుచేసే యాప్. గూగుల్‌దైనా మైక్రోసాఫ్ట్‌దైనా ఫరవాలేదు. కంప్యూటర్‌లో ఖాతా పేజీ తెరిచి యాప్ చేర్చమంటే క్యూఆర్ కోడ్ చూపిస్తుంది. ఫోన్‌లోని యాప్‌తో దాన్ని స్కాన్ చేయండి. యాప్‌లో ఆరంకెలు కనబడతాయి, పక్కన చిన్న గడియారంలాంటిది తిరుగుతుంటుంది. 30 సెకన్లకోసారి అంకెలు మారిపోతాయి. అప్పుడు కనబడినవి కంప్యూటర్‌లో కొట్టండి. గడియారం చివరికొస్తే తొందరపడకండి, కొత్త అంకెలు రానిచ్చి కొట్టండి. ఈ యాప్‌కు సిమ్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు, ఏ దేశంలో ఉన్నారన్నది దానికి పట్టదు. ఫోన్‌లో టైమ్ ఆటోమేటిక్‌గా ఉంటే చాలు. చేత్తో సరిచేసిన టైమ్ తప్పయితే కోడ్ కూడా తప్పవుతుంది. పాత ఫోన్ అమ్మేటప్పుడు మాత్రం యాప్‌ను కొత్త ఫోన్‌లోకి మార్చుకున్నాకే ఇచ్చేయండి.

రెండు, బ్యాకప్ కోడ్లు. పది కోడ్లు ఇస్తుంది. ఒక్కోటి ఒక్కసారే పనికొస్తుంది, వాడినదాని మీద గీత గీసేయండి. కొత్త సెట్ తీసుకుంటే పాతది మొత్తం చెల్లదు. వీటిని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే ఫోన్ పోయినరోజు అవీ పోతాయి. అందుకే నా ఓటు కాగితానికే. పాస్‌పోర్టు పెట్టే కవర్లో పెట్టుకోండి, దాని మీద పాస్‌వర్డ్ మాత్రం రాయకండి.

ముఖం లేదా వేలిముద్రతో తెరిచే పద్ధతి కూడా ఉంది. బాగుంటుంది, కానీ పెట్టుకున్న పరికరానికి ముడిపడి ఉంటుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఇక్కడ మరో తికమక. మీరెవరో నిరూపించుకున్నాక 16 అక్షరాల పర్సనల్ కీ ఒకటి చూపిస్తుంది, నాలుగేసి చొప్పున. అది బ్యాకప్ కోడ్ కాదు. బ్యాకప్ కోడ్ లాగిన్‌కి. పర్సనల్ కీ, పాస్‌వర్డ్ మర్చిపోయి మార్చుకున్నప్పుడు అడుగుతుంది. అది చేతిలో లేకపోతే నిరూపణ అంతా మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి దాన్నీ రాసి పెట్టుకోండి, ఏది ఏదో పేరు పెట్టి మరీ రాయండి.

అభ్యాసం. ఈసారిది కాస్త కష్టమే, అయినా ప్రయాణానికి ముందే చేసి తీరాలి. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపేయండి. కంప్యూటర్‌లో ఇంతకుముందు ఎప్పుడూ లాగిన్ కాని బ్రౌజర్ తెరవండి. గూగుల్‌లో వెతక్కుండా సోషల్ సెక్యూరిటీ సైట్ చిరునామా, ఎస్ఎస్ఏ డాట్ గవ్, మీరే టైప్ చేయండి. ఎస్ఎంఎస్ ఓటీపీ అడిగితే ఆ పేజీలో కింద వేరే పద్ధతి ఎంచుకునే లింకు ఉంటుంది, అది నొక్కి యాప్ కోడ్‌తో లోపలికి వెళ్లండి. సైన్ అవుట్ అవ్వండి. ఈసారి ఫోన్ పక్క గదిలో పెట్టేసి, కాగితం మీది మొదటి బ్యాకప్ కోడ్‌తో వెళ్లండి. పోయిన ఏడాది ఎస్ఎస్ఏ-1099 తెరిచి డౌన్‌లోడ్ చేయండి. ఇదంతా పిల్లలు ఆఫీసులో ఉన్న టైమ్‌లో, ఎవరికీ ఫోన్ చేయకుండా జరగాలి. ఎక్కడైనా ఆగితే ఆ పేజీలో ఏముందో అక్షరం పొల్లుపోకుండా రాసి పంపండి. బ్యాంకు వివరాల పాఠం దాని తర్వాతే.