పోర్ట్‌ఫోలియో సైట్: బస్సులో కూర్చుని మార్చుకునేలా

హన్మకొండలో పెళ్లి ఫొటోలు తీస్తాను. తీరిక దొరికితే రామప్ప, వేయిస్తంభాల గుడి. మొదటి వెబ్‌సైట్ వేరేవాళ్లతో చేయించాను. ఒక్క ఫొటో మార్చాలన్నా ఫోన్ చేయాలి, ‘రేపు చూస్తం అన్నా’ అనేవాళ్లు. 2021 జులైలో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చింది. అందరి నోటా ఆ గుడి పేరే, నా సైట్‌లో మాత్రం అంతకు ముందేటి బతుకమ్మ ఫొటోలు. ఆ కోపంతో సొంతంగా కట్టుకున్నాను.

రంగులు, ఫాంట్లు తర్వాత. ఒక్కో పని గురించి ఏమేం చూపాలో ముందు కాగితం మీద రాసుకోండి. నాకు నాలుగే తేలాయి: పేరు, ఊరు, ఏడాది, ఫొటో.

కోడ్ ఫైళ్లు దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో ‘మీ యూజర్‌నేమ్ డాట్ గిట్‌హబ్ డాట్ ఐఓ’ పేరుతో పబ్లిక్ రిపాజిటరీ, అంటే అందరికీ కనిపించే ఫైళ్ల ఫోల్డర్, తెరవండి. హోస్టింగ్‌కు డబ్బు కట్టక్కర్లేదు. పేజీలు తయారుచేసే జెకిల్ అక్కడే ఉంటుంది. అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ‘డేటా’ ఫోల్డర్‌లో ఒక వైఎంఎల్ ఫైల్ (‘ఊరు: ములుగు’ లాగా కోలన్ పెట్టి వివరాలు రాసుకునే మామూలు టెక్స్ట్ ఫైల్) పెట్టి, పనికి నాలుగు లైన్ల చొప్పున రాయండి. మొదటి లైన్‌కు ముందు హైఫన్, ఒక స్పేస్; మిగతా మూడింటికి ముందు రెండు స్పేసులు. హోమ్ పేజీలో ఫర్ లూప్ (జాబితాలోవన్నీ వరసగా చూపించే చిన్న కోడ్) ఒకటి రాస్తే చాలు, ఫైల్‌లో ఎన్ని పనులుంటే అన్నీ వచ్చేస్తాయి. ఆ పేజీ పైన మూడు డాష్‌ల లైన్లు రెండు పెట్టడం మరిచిపోతే, ఫొటోల బదులు లూప్ కోడే తెర మీద కనిపిస్తుంది.

నాకు సగం రాత్రి పోయింది మాత్రం ఒక కోలన్ దగ్గర. ‘రామప్ప: వానలో’ అని పేరు పెట్టాను. సైట్ మారలేదు, బిల్డ్ (పేజీల తయారీ) ఫెయిలయిందని మెయిల్ వచ్చింది. కోలన్ పక్కన స్పేస్ కనిపించేసరికి వైఎంఎల్ దాన్ని ఇంకో అంశం అనుకుందట! పేరుకు డబుల్ కోట్స్ పెట్టాక దారికొచ్చింది. లైన్ మొదట్లో ట్యాబ్ కొట్టినా ఇదే గోల.

ఫొటోలను 1600 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించండి. సైట్ మొత్తం 1 జీబీ దాటకూడదు. కెమెరా ఫైల్ పేరులో జేపీజీ పెద్దక్షరాల్లో ఉండి, మీరు చిన్నక్షరాల్లో రాస్తే ఫొటో రాదు.

మొన్న ములుగులో పెళ్లి ముగించుకుని బస్సెక్కాను. ఫోన్ బ్రౌజర్‌లోనే ఫొటో ఎక్కించి, పెన్సిల్ గుర్తు నొక్కి వైఎంఎల్ ఫైల్‌లో నాలుగు లైన్లు చేర్చి కమిట్ (మార్పును సేవ్ చేసే బటన్) కొట్టాను. ఆత్మకూరు దాటకముందే సైట్‌లో పెళ్లికూతురు నవ్వుతోంది.