మోడెమ్ కంప్రెషన్ ఆన్‌లోనే ఉంది, డయలప్ మాత్రం నత్తనడకే

ఇది విండోస్ 98 రోజుల్లో, మోడెమ్‌తో ఫోన్ లైన్ మీద నెట్ కలుపుకునే డయలప్ కాలం నాటి మాట.

సమస్య: సెకనుకు 33,600 బిట్ల వేగంతో లైన్ కలిసింది, డేటాను కుదించి పంపే కంప్రెషన్ ఆన్‌లో ఉంది. అయినా పదో తరగతి ఫలితాల పేజీ తెరుచుకోవడానికి యుగం పడుతోంది. కర్నూలు నుంచి కడప దాకా ఏ నెట్ సెంటర్‌లో అడిగినా అప్పట్లో ముందు వచ్చిన మాట "లైన్ బాగాలేదు" అనే. లైన్‌ను తిట్టే ముందు దయచేసి ఒకటి చూడండి: దించుతున్నది ఏ ఫైలు?

జిప్, జేపెగ్, ఎంపీ3 ముందే కుదించిన సరుకు. వాటిని మోడెమ్ ఇంకా కుదించలేదు. పాత కంప్రెషన్ పద్ధతి ఎంఎన్‌పీ5 అయితే వాటిని ఇంకాస్త పెంచి పంపుతుంది కూడా. దాని తర్వాతి పద్ధతి వీ.42బిస్ చెప్పే నాలుగింతలు పైహద్దు మాత్రమే. మామూలు వెబ్ పేజీలోని అక్షరాలకు రెండు, మూడింతలు దక్కితే బాగున్నట్టే. తెలుగును జిఫ్ బొమ్మలుగా పెట్టిన పేజీలకు ఆ లాభమూ లేదు.

పరీక్ష: పెద్ద టెక్స్ట్ ఫైలు ఒకటి, దాని జిప్ ఒకటి దించి చూడండి. టెక్స్ట్ స్పష్టంగా వేగంగా రావాలి. రెండూ ఒకే వేగంతో వస్తూ, సెకనుకు 3,840 బైట్లు దాటకపోతే దొంగ దొరికినట్టే.

కారణం: కంప్యూటర్‌కూ మోడెమ్‌కూ మధ్య ఉన్న సీరియల్ పోర్టు వేగం 38,400 దగ్గరే ఉండిపోయింది. ఆ కేబుల్‌లో ఒక్కో బైటుకు స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి 10 బిట్లు పోతాయి, కాబట్టి 38,400 అంటే సెకనుకు 3,840 బైట్లు. లైన్ మీద కుదించి వచ్చిన డేటాను మోడెమ్ విప్పి కంప్యూటర్‌కు ఇవ్వాలి. చెరువు నిండా నీళ్లున్నా తూము సన్నదైతే మడికి పారేది అంతే. డేటాను కాసేపు నిలిపి ఉంచే మోడెమ్ బఫర్ నిండగానే అవతలి మోడెమ్‌ను ఆగమంటుంది.

పరిష్కారం: విండోస్ 98 కంట్రోల్ ప్యానెల్‌లో మోడెమ్ ప్రాపర్టీస్ తెరిచి మాగ్జిమమ్ స్పీడ్ 115200 చేయండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇదివరకే చేసిపెట్టుకున్న కనెక్షన్ ఐకాన్ పాత వేగాన్నే పట్టుకుని ఉంటుంది. డయలప్ నెట్‌వర్కింగ్‌లో ఆ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, కాన్ఫిగర్‌లోకి వెళ్లి అక్కడా 115200 పెట్టండి. అక్కడే అడ్వాన్స్‌డ్‌లో ఎర్రర్ కంట్రోల్, కంప్రెస్ డేటా, హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ మూడూ టిక్ అయి ఉండాలి. ఎర్రర్ కంట్రోల్ లేకపోతే వీ.42బిస్ అసలు మొదలే కాదు.

ఇక కనెక్ట్ అయ్యాక "115,200" కనబడితే సంబరపడకండి, అది పోర్టు వేగం. లైన్ వేగం చూపాలంటే చాలా మోడెమ్‌లకు ఎక్స్‌ట్రా సెట్టింగ్స్‌లో డబ్ల్యూ2 రాయాలి.

115200 పెట్టాక డేటా తప్పులు వస్తుంటే మోడెమ్స్ డయాగ్నస్టిక్స్‌లో మోర్ ఇన్ఫో నొక్కి, సీరియల్ పోర్టును నడిపే యూఆర్ట్ చిప్ ఏదో చూడండి. 8250, 16450 అయితే తట్టుకోలేవు. 16 బైట్ల బఫర్ ఉన్న 16550ఏ కార్డు వేయండి, లేదా 57600కు దించండి.

వాన పడినప్పుడే నెమ్మదిస్తే, లేదా పక్కగదిలో అదే లైన్‌కు తగిలించిన పారలల్ ఫోన్ ఉంటే, అది కంప్రెషన్ గొడవ కాదు. పారలల్ తీసేసి మళ్లీ డయల్ చేయండి.