రిసార్ట్ కార్పెట్ల క్లీనింగ్‌కి కొటేషన్ ఎలా వేయాలి?

లక్నవరం, రామప్ప వైపు కాటేజీలు ఉన్నవాళ్లు, హనుమకొండలో హోటళ్లు నడిపేవాళ్లు ఫోన్ చేస్తే మొదట అడిగేది ఇదే: "తమ్ముడూ, ఎస్ఎఫ్టీకి (చదరపు అడుగుకి) ఎంత తీసుకుంటావ్?" ఇంట్లో ఒక హాలు అయితే అప్పటికప్పుడు రేటు చెప్పొచ్చు. ఇరవై గదులున్న చోట అలా చెబితే చేతి డబ్బు పెట్టుకోవాల్సి వస్తుంది. పెద్ద పనిలో ఖర్చు ఎక్కువగా రోజులను బట్టి ఉంటుంది. రోజుకి ఎన్ని గదులు ఖాళీ చేసి ఇస్తారో తెలియనిదే రోజులు తేలవు. అందుకే ఫోన్లో "స్థలం చూశాక సాయంత్రానికి కొటేషన్ పంపిస్తాను సార్" అనండి, అంతే.

మొదట వెళ్లి చూడండి

టేపు, టార్చి, తెల్ల గుడ్డ, ఫోన్ తీసుకెళ్లండి. యజమాని చెప్పే విస్తీర్ణంలో బాత్రూమ్, బాల్కనీ కూడా కలిసి ఉంటాయి కాబట్టి కార్పెట్ ఉన్నంత మేర మీరే కొలవండి. మంచం, బీరువా జరపాలా, వాటి చుట్టూ కడిగితే చాలా అన్నది అప్పుడే అడగండి. గదిలో పట్టే టైమంతా దీన్ని బట్టే ఉంటుంది.

నీళ్లు ఎక్కడ పట్టుకోవాలి, మెషిన్‌కి 15 ఆంపియర్ల ప్లగ్ ఉందా, మురికి నీళ్లు ఎక్కడ పోయాలి, ఈ మూడూ చూడండి. మన దగ్గర చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా, బరువుగా ఉంటాయి. షాంపూ ఎక్కువ పడుతుంది, ఆరాక తెల్లని పొర మిగలొచ్చు. చెరువు పక్కన కాటేజీలైతే కడిగిన నీళ్లను గట్టు మీద పారబోయడం ఎంత మాత్రం తగదు. రిసార్ట్ డ్రైనేజీ దాకా మోయాల్సి వస్తే ఆ మోత కూడా మీ లెక్కలోకి రావాలి.

ఏ దారమో తెలుసుకోండి

హోటళ్లలో ఎక్కువగా కనిపించేవి నైలాన్, పాలీప్రొపిలీన్ కార్పెట్లు. ఇవి గట్టివి, వేడి నీటితో ఎక్స్‌ట్రాక్షన్ (మెషిన్‌తో వేడి నీళ్లు కొట్టి, మురికితో సహా వెనక్కి లాగడం) చేయొచ్చు. ఉన్ని వేరు. క్షారం ఎక్కువున్న షాంపూ, క్లోరిన్ బ్లీచ్ దానికి పడవు. అనుమానం వస్తే యజమానిని అడిగి అంచు నుంచి ఒక పోగు తీసి, బయట అగ్గిపుల్లతో కాల్చి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద నలుగుతుంది, సింథటిక్ అయితే కరిగి ముద్ద కడుతుంది. అడుగున జనపనార ఉంటే నీళ్లు తక్కువ వాడండి, లేకపోతే ఆరేటప్పుడు గోధుమ రంగు పైకి తేలుతుంది.

కొందరు లాబీలో కొత్తవాడ జంపఖానాలు వేస్తారు. 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన వరంగల్ దర్రీలు ఇవే. మన నేతన్నల పని కాబట్టి ఇంకొంచెం ఆగి చూడాలి. నూలువి కాబట్టి కుంచించుకుపోవచ్చు, రంగు దిగొచ్చు. తెల్ల గుడ్డ తడిపి ఒక మూల రెండు నిమిషాలు అదిమి ఉంచండి. గుడ్డకి రంగు అంటితే వాటిని ఈ కొటేషన్‌లో కలపకుండా విడిగా రేటు రాయండి.

మరకల విషయం ఇక్కడే తేల్చుకోవాలి. రెండేళ్లకోసారి మాఘ మాసంలో మేడారం జాతర అయ్యాక ఆ దారి గదుల్లో బెల్లం, పసుపు, కుంకుమ పడకుండా ఉండవు. బెల్లం గోరువెచ్చని నీళ్లకి కరుగుతుంది, కాస్త మిగిలినా జిగురుగా ఉండి దుమ్ముని పట్టేస్తుంది. పసుపు మొండిది. క్షారం తగిలితే ఎర్రబడుతుంది కూడా. పూర్తిగా పోతుందని మాట ఇవ్వొద్దు. సిగరెట్ కాలిన మచ్చలు, బ్లీచ్ పడి వెలిసిన చోట్లు కడిగితే పోయేవి కావు. ఫొటోలు తీసి ఆ రోజే యజమానికి వాట్సాప్ చేయండి. తర్వాత గొడవలు వచ్చేది చాలావరకు వీటి దగ్గరే.

తేదీలు అడిగాకే డబ్బు లెక్క

దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు, శని ఆదివారాలు గదులు దొరకవు. సోమవారం నుంచి గురువారం మధ్యే మీ పని. పదకొండుకి గది ఖాళీ చేయించి సాయంత్రం ఇంకొకరికి ఇస్తామంటే ఒప్పుకోకండి. కడిగిన కార్పెట్ ఆరడానికి కొన్ని గంటల నుంచి ఒక రోజు దాకా పడుతుంది, ముసురు రోజుల్లో ఇంకా ఎక్కువ. తడి మీద చెప్పులతో తిరిగితే పని మొత్తం వృథా, మూసి ఉంచితే ముక్కిన వాసన. కడిగిన గది ఆ రాత్రికి ఎవరికీ ఇవ్వకూడదు, ఫ్యాన్ ఆగకూడదు. ఈ షరతుకి ఒప్పుకున్నాకే కాలిక్యులేటర్ తీయండి.

ఒక ఉదాహరణ

ఇరవై గదులు, గదికి కడగాల్సింది 120 చదరపు అడుగులు. కాన్ఫరెన్స్ హాలు 1,500, వరండాలు 600. మొత్తం 4,500. ఖాళీ హాల్లో గంటకి 300 అడుగులు సాగుతుందనుకుందాం, హాలూ వరండాలూ కలిపి ఏడు గంటలు. అదే వేగంతో గదికి 24 నిమిషాలే పట్టాలి, కానీ సామాను జరపడం, వ్యాక్యూమ్, మరకలు కలిపి 40 నిమిషాలు పడుతుంది. రోజుకి ఏడు గదులు ఇస్తే గదులకి మూడు రోజులు, హాలుకి ఒక రోజు. నాలుగు రోజుల పని. ఈ వేగాలు, కింది రేట్లు లెక్క చూపడానికి పెట్టినవే, వాటి స్థానంలో మీవి వేసుకోండి.

మెషిన్ నడిపే మనిషికి 1,200, ఇద్దరు హెల్పర్లకి 800 చొప్పున, రోజుకి 2,800. నాలుగు రోజులకి 11,200. మెషిన్ మీరే నడిపితే ఆ 1,200 మీ కూలి, దాన్ని లాభంలో కలపొద్దు. చాలామంది ఇక్కడే తప్పుతారు. తిండి ముగ్గురికి 3,000, పడక రిసార్ట్‌లోనే అడగండి. వరంగల్ నుంచి లక్నవరం రానూపోనూ దాదాపు 150 కిలోమీటర్లు, సామాను దింపి మళ్లీ తెచ్చుకోవడానికి టాటా ఏస్ 4,000. షాంపూ, మరకల మందులు అడుగుకి 80 పైసల చొప్పున 3,600. మెషిన్ అరుగుదల, రిపేర్లు రోజుకి 500, అంటే 2,000. ఆరబెట్టే ఫ్యాన్ల అద్దె 1,200. మొత్తం 25,000.

దీనికి పది శాతం, 2,500, కలపండి. కొన్ని మరకలు ఆరాక అడుగు నుంచి మళ్లీ పైకి వస్తాయి, ఆ గదులు రెండోసారి చేయాల్సి ఉంటుంది. 27,500 మీద పాతిక శాతం లాభం వేస్తే 34,375. ఇంచుమించు 34,500. అడుగుకి ఏడు రూపాయల అరవై ఏడు పైసలు పడింది. ఆ సంఖ్య యజమానికి చెప్పడానికే, లెక్క దానితో మొదలుపెట్టకూడదు.

బేరం వస్తుంది

"ఇరవై శాతం తగ్గించు తమ్మీ" అంటారు. 34,500లో ఇరవై శాతం తీస్తే 27,600. మీ ఖర్చు 27,500. ఉన్న లాభమంతా పోయి వంద రూపాయలు మిగులుతాయి. పాతిక శాతం లాభం వేశాం కదా, ఇరవై ఇస్తే ఇంకా ఐదు ఉంటుందనుకోవద్దు.

రేటు బదులు పనిని తగ్గించండి. "సార్, మంచాలు, సామాను మీ హౌస్‌కీపింగ్ వాళ్లు జరిపిస్తే ఐదు వేలు తగ్గిస్తాను" అనొచ్చు. ఒక హెల్పర్ తగ్గితే నాలుగు రోజుల కూలి 3,200, తిండి 1,000 మిగులుతాయి. వాటి మీద వేసిన పది శాతం, పాతిక శాతం కూడా పోతే 5,775 దాకా తగ్గించే వీలుంది. రోజుకి పది గదులు ఇస్తే గదులు రెండు రోజుల్లో పూర్తవుతాయి, ఒక రోజు ఖర్చు తగ్గుతుంది. యజమానికీ గదులు తొందరగా చేతికొస్తాయి కాబట్టి ఇది అందరికన్నా ఆయనకే మేలని చెప్పండి.

కాగితం మీద రాయండి

ఏ గదులు, ఎన్ని అడుగులు, ఏ తేదీలు, నీళ్లు కరెంటు ఎవరివి, ఏ మరకలకి హామీ లేదు, ఇవన్నీ కొటేషన్‌లో ఉండాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే పద్దెనిమిది శాతం విడిగా చూపండి, 34,500 మీద 6,210. కస్టమర్ కంపెనీ అయితే ముప్పై వేలు దాటిన కాంట్రాక్టు మీద టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుంటుంది. మీరు సొంత పేరున చేస్తే ఒక శాతం, ఇక్కడ 345. పాన్ ఇవ్వకపోతే ఇరవై శాతం పోతుంది, కాబట్టి పాన్ నంబరు బిల్లు మీదే వేయండి.

మందులకి, బండికి సరిపోయేలా ముప్పై శాతం అడ్వాన్స్ అడగండి, మిగతాది పని అయిన రోజే. గది ఖాళీగా ఇవ్వక మీ మనుషులు కూర్చోవాల్సి వస్తే రోజుకి ఇంత అని ముందే రాయండి. ఏ రోజు గదులు ఆ రోజు హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌కి చూపించి, గది నంబర్ల పక్కన సంతకం తీసుకుని అక్కడి నుంచి కదలండి.