ఏ3 కాగితంపై గెలాక్సీల గోడను గీసే విధానం

బెంగళూరులో వానాకాలపు మబ్బులనూ వీధిదీపాల వెలుతురునూ దాటి కంటికి చేరే నక్షత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే. అయినా ఈ పనికి టెలిస్కోపు అక్కరలేదు. ఏ3 కాగితం, కోణమానిని, ఎక్సెల్ ఉన్న కంప్యూటరు చాలు. గెలాక్సీలు కట్టిన గోడలు, తీగలు ఆకాశాన్ని చూస్తే కనిపించేవి కావు. ఒక్కొక్క గెలాక్సీ ఎంత దూరంలో ఉందో గుర్తించాకే అవి బయటపడతాయి.

ఆ దూరాన్ని రెడ్‌షిఫ్ట్, అంటే విశ్వం వ్యాకోచిస్తున్నందున కాంతి ఎరుపు వైపు ఎంత సాగిందన్న కొలత, చెబుతుంది. హైడ్రోజన్ వెలువరించే 656.3 నానోమీటర్ల ఎర్రగీత ఒక గెలాక్సీ వర్ణపటంలో 671.4 దగ్గర కనిపించిందనుకుందాం. తేడాను 656.3తో భాగిస్తే 0.023 వస్తుంది, కోమా గెలాక్సీ గుచ్ఛం విలువ ఇదే. దగ్గరి గెలాక్సీల విషయంలో ప్రతి 0.01కీ సుమారు 14 కోట్ల కాంతి సంవత్సరాలు లెక్కకట్టవచ్చు.

లక్షల గెలాక్సీల వర్ణపటాలు తీసిన స్లోన్ ఆకాశ సర్వే కొలతలు స్కైసర్వర్ సైటులో ఉచితంగా దొరుకుతాయి. అక్కడి స్పెక్‌ఫోటో పట్టిక నుంచి విషువాంశ (ఆకాశంలో రేఖాంశం లాంటిది) 120–255 డిగ్రీలు, క్రాంతి (అక్షాంశం లాంటిది) 26.5–32.5 డిగ్రీలు, రెడ్‌షిఫ్ట్ 0.05 లోపు ఉన్న గెలాక్సీలను ఎస్‌క్యూఎల్ అనే ప్రశ్నల భాష ద్వారా అడగాలి. జడ్‌వార్నింగ్ (రెడ్‌షిఫ్ట్ కొలతపై అనుమానాన్ని తెలిపే అంకె) సున్నా కాని వరుసలను వదిలేయడం మంచిది. 1986లో ఖగోళ శాస్త్రవేత్తలు డి లపారాన్, గెలర్, హుక్రా సుమారు 1,100 గెలాక్సీలతో పటం వేసింది ఈ పట్టీకే.

కాగితం అడుగు అంచు మధ్యలో మనం ఉన్నామనుకుని, 0.01 రెడ్‌షిఫ్ట్‌కు 4 సెంటీమీటర్లు తీసుకుంటే, 20 సెంటీమీటర్ల పొడవున 135 డిగ్రీల విసనకర్ర వస్తుంది. విషువాంశలోంచి 97.5 తీసివేయగా మిగిలినదే, అడుగు అంచు కుడి వైపు నుంచి కొలవాల్సిన కోణం. మొదటి యాభై చుక్కలనైనా చేత్తో పెట్టాలన్నది నా పట్టుదల, ఎందుకంటే ఏ చుక్క ఎక్కడ పడుతుందో చేతికి తెలిశాకే పటం కంటికి అర్థమవుతుంది. మిగతావి ఎక్సెల్‌కు వదిలేయవచ్చు. అయితే అది కోణాలను రేడియన్లలోనే తీసుకుంటుంది. ఆ సంగతి మరిచి నేను వేసిన మొదటి పటంలో గెలాక్సీలు నలుదిక్కులా చల్లిన ఆవాల్లా పడ్డాయి.

సరిగ్గా వేస్తే 9 సెంటీమీటర్ల ఎత్తున, దాదాపు నడిమధ్యన, చుక్కలు నిలువుగా మన వైపు చూపే వేలులా పేరుకుంటాయి. అది కోమా గుచ్ఛం. దాని ఆకారం నిజంగా అలా ఉండదు. లోపలి గెలాక్సీలు సెకనుకు వందల, ఒక్కోసారి వెయ్యికి పైగా కిలోమీటర్ల వేగంతో అటూఇటూ తిరగడం వల్ల రెడ్‌షిఫ్ట్ దూరాన్ని సాగదీసి చూపుతుంది. అంచుల్లో చుక్కలు పలచబడటం కూడా అక్కడ గెలాక్సీలు తక్కువని కాదు, మసకవి కొలతకు అందలేదని. ఈ రెండింటినీ మినహాయించాక కూడా కోమా గుండా ఎడమ నుంచి కుడికి సాగే పట్టీ మిగులుతుంది. 1989లో గెలర్, హుక్రా ప్రకటించిన మహాకుడ్యం (గ్రేట్ వాల్) అదే, పొడవు సుమారు 50 కోట్ల కాంతి సంవత్సరాలు. ఈ కొలమానంలో మన పాలపుంత 0.03 మిల్లీమీటర్లు, పెన్ను మొన కూడా దానికి మొద్దే.

ఈ గోడలకు మూలమైన హెచ్చుతగ్గులు తొలి వెలుగులో, అంటే మహావిస్ఫోటం తరువాత మొదట స్వేచ్ఛగా బయలుదేరిన కాంతిలో, లక్షలో ఒక వంతు మాత్రమే. సాంద్రత కాస్త ఎక్కువున్న చోట్లకు కంటికి కనబడని కృష్ణపదార్థం (డార్క్ మ్యాటర్) చేరింది, దాని వెంట వాయువు పడింది, అక్కడే తొలి గెలాక్సీలు వెలిగాయి. వాటిని గుర్తించడానికి కాగితం చాలదు కాబట్టి ఫ్లాటు బయటి నడవలోకి టేపూ సుద్దముక్కా పట్టుకుని వెళ్లాలి. వెబ్ అంతరిక్ష టెలిస్కోపు చూసిన జేడ్స్-జీఎస్-జెడ్14-0 అనే గెలాక్సీ కాంతి మహావిస్ఫోటం తరువాత 30 కోట్ల ఏళ్లు గడవకముందే బయలుదేరింది. ఆ గెలాక్సీ ఇప్పుడున్న దూరం మన కొలమానంలో దాదాపు 10 మీటర్లు. తొలి వెలుగు గీత 13 మీటర్ల దగ్గర, మా నడవలో అయితే లిఫ్టు తలుపు ముందు పడుతుంది. ఈ రెండు సుద్దగీతల మధ్యనున్న మూడు మీటర్ల నుంచి రావలసిన హైడ్రోజన్ రేడియో సంకేతం కోసమే మన ఊరి రామన్ పరిశోధన సంస్థ 2020లో సారస్ అనే రేడియో టెలిస్కోపు యాంటెనాను దండిగానహళ్లి చెరువు నీటిపై తేలించింది.